చుట్టకు జోడీ

మక్కగారెలకు కోడికూర. జొన్నరొట్టెకు పచ్చిమిర్చి కారం. సకినాలకు చాయ్. ఏది దేనితో తింటే బాగుంటుందో తెలుసుకోవడానికి మన ఇళ్లలో ఎవరూ పుస్తకాలు తిరగెయ్యరు. పడమటి దేశాల్లో మాత్రం దానికీ పుస్తకాలున్నాయి, పాఠాలున్నాయి. వాసన చూసి చెప్పడమే ఉద్యోగమైన నిపుణులూ ఉన్నారు. వాళ్లంతా తీరిగ్గా కూర్చుని తేల్చిన జోడీల్లో ఒకటి- సిగార్‌కు నల్ల బీరు. సిగార్ అంటే మరేం కాదు, మన తాతలు చెవిమీద పెట్టుకుని తిరిగిన చుట్టకు దొరల ఇంట పుట్టిన అన్నయ్య. ఇంగ్లిష్‌వాళ్లు వాడే ‘చెరూట్’ అన్న మాట కూడా తమిళుల ‘సురుట్టు’ నుంచి వెళ్లిందే. ఆ సురుట్టూ మన చుట్టా ఒక్క తల్లి పిల్లలే.

ఆ జోడీ ఒక ఎండాకాలం సాయంత్రం డబ్లిన్ నుంచి సూట్‌కేసులో బయల్దేరి సెంటినరీ కాలనీకి చేరింది.

గోదావరిఖని నుంచి మంథని వెళ్లే దారిలో, రామగిరి ఖిల్లాకు దగ్గర్లో ఉంటుందీ కాలనీ. పేరు ఇంగ్లిష్‌దే గానీ దాని వెనక ఉన్నది మన బొగ్గు కథ. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1989కి సింగరేణికి నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్లను పేరులో మోస్తున్న ఊరు ఇది. రామగుండం-3 ఏరియా కార్మికుల క్వార్టర్లు, వాటి ముందు వేపచెట్లు, చెట్లకింద రిటైరైన పెద్దమనుషులు. ఆ పెద్దమనుషుల్లో ఒకాయనే ఈ జోడీకి హక్కుదారు.

గోదావరిఖని బాయిల్లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడాయన. గనిని అక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. కోల్ ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపడంతో మొదలుపెట్టి, టింబర్‌మన్‌గా కప్పుకు దిమ్మెలు నిలబెట్టి బయటపడ్డాడు. చిన్న కొడుకు ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. క్వార్టర్ అతనిదే. పెద్ద కొడుకు డబ్లిన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. తండ్రికి ఏం తేవాలో తెలియక నాలుగేళ్లుగా స్వెటర్లు తెస్తున్నాడు. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఉడికే రామగుండంలో స్వెటర్ ఎవరికి? ఈసారి మాత్రం బాగా ఆలోచించి రెండు నల్లబీరు సీసాలు, గాజు గొట్టాల్లో పెట్టిన రెండు సిగార్లు తెచ్చాడు.

పెద్దాయన గాజు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల సిగార్ నడుముకు బంగారు రంగు కాగితం పట్టీ. ‘‘గిది చుట్టనా, పెండ్లికొడుకా?’’ అన్నాడు.

కొడుకు నవ్వి పాఠం మొదలుపెట్టాడు. సిగార్ పైన చుట్టే ఆకును ఎక్కువకాలం, ఎక్కువ వేడిలో ఊరబెడితే ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. స్పెయిన్ భాషలో దాన్ని ‘మదురో’ అంటారు, అంటే పండినది అని. ఆ ఆకు పొగలో కాస్త తీపి, కాస్త కాఫీ, కాస్త కోకో లాంటి వాసన. నల్లబీరులోనూ అదే సంగతి. బార్లీ గింజలను పేలాలు వేయించినట్టు మాడే దాకా వేయిస్తారు. నలుపు, చేదు, కాఫీ వాసన అన్నీ అక్కణ్నుంచే. రెండింటి రుచులూ ఒక వంశంవి కాబట్టి పొసగుతాయి. తేలికపాటి బీరును ఇలాంటి చుట్ట మింగేస్తుంది. తేలికపాటి చుట్టను ఇలాంటి బీరు మింగేస్తుంది. బరువుకు బరువే జోడీ. ఒక దమ్ము లాగాక నాలుకమీద మిగిలే ఘాటును ఒక గుక్క కడిగేస్తుంది. మళ్లీ దమ్ము కొత్తగా తగులుతుంది.

‘‘గింతేనా? గిది మా గౌడ్ నలభై ఏండ్ల కిందనే చెప్పిండు’’ అన్నాడు పెద్దాయన.

అది గొప్పకు అన్న మాట కాదు. బాయి నుంచి మొదటి షిఫ్టు దిగి సాయంత్రం నాలుగింటికి పైకొచ్చే మనిషికి తన జోడీ తనకుంది. మోదుగాకులో పొగాకు వేసి చుట్టిన చుట్ట, తాటిరేకలో పోసిన కల్లు, నంజుడుకు ఉడకబెట్టిన గుడాలు. ఈ జోడీకి ఉన్న లెక్కలు ఆ డబ్లిన్ పుస్తకాలకు ఏమీ తీసిపోవు. లొట్టి దింపిన పొద్దుటి కల్లు తియ్యన. దాని మీద చుట్ట కాలిస్తే ఆ తీపి చచ్చిపోతుంది, కల్లు పాపం. సాయంత్రానికి కల్లు పులిసి నాలుకను కొరుకుతుంది. దానికి ఘాటు చుట్ట తోడైతే రెండు పుంజులను ఒక గంపకింద కమ్మినట్టే. సాయంత్రం కల్లుకైతే పొగాకు పలచగా వేసుకోవాలి. అసలు సిసలు జోడీ మాత్రం పొద్దెక్కి, తీపి విరిగి, పులుపు ఇంకా ముదరని వేళది. అది నాగా పెట్టిన రోజుకే దక్కుతుందని, నాగా పెడితే జీతం కోత కాబట్టి తన సర్వీసంతటిలో ఆ జోడీ లెక్కపెట్టుకునేన్ని సార్లే కుదిరిందని ఆయన చెబుతాడు. ఇక పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని చెట్టు మారితే కల్లు మారుతుంది. ఈతకల్లు సంగతి వేరే. ఆ వివరాల్లోకి దిగితే పెద్దాయన్ను ఆపడం కష్టం.

ఇద్దరి లెక్కా నిలకడలో కూడా కలిసింది. సిగార్ ఎండిపోతే వేడిగా కాలి నోరు మండుతుంది. అందుకే దాన్ని డెబ్బై శాతం తేమ నిలిచే ప్రత్యేకమైన చెక్కపెట్టెల్లో దాస్తారు. ఆ పెట్టెల ధర కొడుకు చెబితే తల్లి నోరెళ్లబెట్టింది. పెద్దాయన తన చుట్టలకట్టను ఎప్పుడూ నీళ్ల రంజన్ పక్కన, తడి గోనెసంచికి ఆనించి పెట్టేవాడు. ఊరేదైనా పొగాకు గుణం ఒకటే కదా! సిగార్లు కూడా ఆ రాత్రి రంజన్ పక్కనే పడుకున్నాయి.

మర్నాడు సాయంత్రం సీసా మూత తీశారు. తగవు ఐసు దగ్గర మొదలైంది. నల్లబీరు మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి రుచి తెలియదని, పది పన్నెండు డిగ్రీలుంటే చాలని కొడుకు. ఈ ఎండకు ఐసు లేకుండా తాగేది ఒక్క చాయేనని తండ్రి. చివరికి స్టీలుగ్లాసులో ఒక్క ఐసుముక్క వేసి రాజీపడ్డారు. పెద్దాయన ఒక గుక్క మింగి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘మాడిన జొన్నపేలాలు నానబెట్టినట్టుంది. లేకుంటె బొగ్గు కడిగిన నీళ్లు’’ అని తీర్పు చెప్పాడు.

కొడుకు ఆ బీరు చరిత్ర ఎత్తుకున్నాడు. 1759లో ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన డబ్లిన్‌లో బీరు బట్టీ కోసం ఒక పాత స్థలాన్ని ఏడాదికి నలభై అయిదు పౌండ్ల చొప్పున తొమ్మిదివేల ఏళ్లకు కౌలు రాయించుకున్నాడు.

‘‘తొమ్మిదివేల ఏండ్లా! మన క్వార్టర్ రిటైరయ్యేదాకనే గద’’ అన్నాడు తండ్రి.

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో ఈ నల్లబీరును పోర్టర్ అనేవాళ్లు. ఆ పేరు రావడానికి కారణం దాన్ని ఎక్కువగా తాగిన జనం- రేవుల్లో, బజార్లలో మూటలు మోసే పోర్టర్లు. అంటే హమాలీలు. అందులో కాస్త గట్టిదాన్ని స్టౌట్ అన్నారు. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీగింజలు వేయించే పద్ధతిలో తిరిగే పీపాలో మాల్టును నల్లగా వేయించడానికి పేటెంటు తీసుకున్నాక ఆ నలుపు చవగ్గా, నమ్మకంగా రావడం మొదలైంది. వేడి దేశాలకు ఓడల్లో పంపేటప్పుడు దారిలో పాడవకుండా మత్తూ చేదూ పెంచారు. సూట్‌కేసులో వచ్చిన సీసా ఆ రకందే, ఏడున్నర శాతం. ఇవాళ మెత్తటి కుర్చీల్లో కూర్చుని సిగార్‌తో చప్పరించే బీరు ఒకనాడు వీపుమీద బరువు మోసినవాడి గొంతు తడుపు.

హమాలీ అన్న మాట దగ్గర పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. ‘‘అంటే తట్టోళ్ల బీరు. గది ముందుగాల చెప్పాలె గదరా.’’ రెండో గుక్కకు బొగ్గు కడిగిన నీళ్ల పోలిక రాలేదు.

సిగార్ ముట్టించడానికి కొడుకు చిన్న కత్తెరలాంటిది తీసేలోపే ఆయన కొసను పంటితో కొరికి ఊసేశాడు. అగ్గిపుల్ల గీసి, మంట తగలకుండా సెగకు తిప్పుతూ ముట్టించాడు. అది మాత్రం నిపుణులు చెప్పే పద్ధతే. ఎవరూ నేర్పలేదు. నేర్పింది బాయే అనుకోవాలి, ఎందుకంటే అగ్గిపుల్ల విలువ బాయి పనివాడికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

భూగర్భంలో బొగ్గుతోపాటు మీథేన్ వాయువు ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా కలిసి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. 1965 మే 28న అప్పటి బీహార్‌లోని ధోరీ గనిలో జరిగిన పేలుడు 268 మందిని పొట్టన పెట్టుకుంది. అందుకే బాయిలోకి బీడీ, చుట్ట, అగ్గిపెట్టె, లైటరు ఏదీ తీసుకుపోకూడదు. దిగేముందు జేబులు, నడుము తడిమి చూస్తారు. ఎనిమిది గంటల షిఫ్టులో తంబాకు, సున్నం అరచేతిలో నలిపి పెదవి కింద పెట్టుకోవడమే. పొగ మాట పైకొచ్చాకే.

మరి దిగేవాడి చుట్ట ఎక్కడుంటుంది? ఆయన పనిచేసిన బాయి ముందు చాయ్ హోటల్లో గల్లాపెట్టె పక్కన ఒక రేకుడబ్బా ఉండేది. పదిమంది చుట్టలు, బీడీకట్టలు అందులోనే. ఎవరిది వాళ్లు గుర్తుపట్టడానికి రంగుదారాలు కట్టుకునేవాళ్లు. పెద్దాయనది పచ్చదారం. పైకొచ్చినవాడు మొహమన్నా కడగకుండా ముందు ఆ డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. ఒక్కోరోజు సాయంత్రానికి ఏదో ఒక దారం చుట్ట డబ్బాలోనే మిగిలిపోయేది. ఆసుపత్రికి తీసుకుపోయారనో, ఇంకొకటనో కబురు వచ్చేది. హోటలాయన ఆ చుట్టను తీసి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పెద్దాయన ఈ ముక్క చెప్పి సిగార్ నుసిని వేలితో రాల్చాడు.

ఏ రుచి ఏ రుచితో కలుస్తుందో నాలుక చెప్పగలదు. ఎనిమిది గంటలు చీకట్లో ఉండి, తలమీద కప్పు ఎప్పుడు విరుగుతుందో తెలియకుండా ఉండి, పైకొచ్చి వెలుతురు చూసినవాడి నోటికి మొదటి దమ్ము ఎలా ఉంటుందో నాలుకను అడిగితే లాభం లేదు. నిపుణులు జోడీని రెండింటిగా లెక్కవేస్తారు. ఆ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లకు అందులో మూడోది కూడా ఉంది, బతికి పైకి రావడం.

ఈ మాటలన్నీ తలుపుదగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి విన్నది. ఆమె లెక్క ఇంకొకటి.

జీతాల రోజు ఆమెకు పండగ కాదు. అప్పట్లో కల్లు ఒక్కటే కాదు, సారా కూడా ఉండేది. కవరు చింపి నోట్లో పోసుకుంటే అయిపోయే సారా. ఇంటికొచ్చేసరికి జీతంలో సగం వచ్చేది, సగం మాటల్లో వచ్చేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని కాలనీ ఆడవాళ్లకు తెలిసినప్పుడు వాళ్ల ఊరెక్కడ, మన ఊరెక్కడ అనిపించలేదట. 1993 అక్టోబరు 1న సారాపై నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో పోయింది. సారా మాత్రం మళ్లీ సర్కారు దుకాణానికి రాలేదు. ‘‘ఆ రెండేండ్లల్లనే మీ చదువులకు పైసలు ఎనకేసిన’’ అని పెద్దకొడుకు వైపు చూసింది. డబ్లిన్ ఉద్యోగానికి మూలం ఎక్కడుందో నల్లబీరు తెచ్చినవాడికి అప్పటిదాకా తెలియదు.

చుట్టమీద ఆమెకున్న కోపం మాత్రం అంత సూటిది కాదు. పొగ కంపు పడదు. పక్కబట్టల్లో నిప్పురవ్వ పడి కాలిన చిల్లులు ఇప్పటికీ చూపిస్తుంది. కానీ రెండో షిఫ్టు అర్ధరాత్రి దిగుతుంది. పిల్లలు పడుకున్నాక గుమ్మంలో కూర్చునేది. వీధి మలుపులో చీకట్లో ఒక ఎర్రటి చుక్క కనిపించేది. ఆగి వెలుగుతూ, ఆరుతూ వచ్చేది. చుట్ట వస్తోందంటే దాని వెనక మనిషి వస్తున్నాడు. అప్పుడు లేచి అన్నం పెట్టేది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. ఆయన పనిచేసేది ఆ బాయి కాదు. అయినా ఆ రోజు ఏ బాయిలో ఏమైందో ఇళ్లలో ఎవరికి తెలుసు? ఆ రాత్రి ఎర్రచుక్క కనిపించేదాకా ఆమె గుమ్మంలోనే ఉంది. తర్వాత వారం రోజులు చుట్ట గురించి ఒక్కమాటా అనలేదు. ఎనిమిదో రోజు మామూలే.

కల్లు తాగితే గొంతులో బొగ్గుదుమ్ము కడుక్కుపోతుందని బాయి పనివాళ్లలో ఒక గట్టి నమ్మకం. తాగడానికి దొరికిన సాకుల్లో ఇంత మంచి సాకు మరొకటి లేదు గానీ, అది నిజం కాదు. తాగింది వెళ్లేది అన్నవాహికలోకి. దుమ్ము వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. ఒకసారి లోపలి గదుల్లో పేరుకున్న సన్నటి బొగ్గుదుమ్మును ఏ కల్లూ, ఏ బీరూ కడగలేవు. పైగా పొగ తోడైతే ఆయాసం ముదురుతుంది. సిగార్ పొగ మింగరు కదా, నోట్లోనే ఆడించి వదిలేస్తారు కదా అనే వాదం ఒకటుంది. వాదం బాగానే ఉంటుంది, నోటికి మాత్రం బాగుండదు. ఉత్తరాంధ్ర ఆడవాళ్ల అడ్డపొగ సంగతి తెలిసిందే, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. దానివల్ల అంగిట్లో వచ్చే మార్పులను 10,169 మంది గ్రామస్థుల్లో పరిశీలించి 1971లో వైద్యపత్రికలో ప్రచురించారు. నోరు, గొంతు, అన్నవాహిక కేన్సర్ల విషయంలో పొగాకూ మద్యమూ కలిస్తే ముప్పు ఒకటికొకటి కూడదు, హెచ్చవేతలా పెరుగుతుంది. నాలుకకు జోడీగా పొసగినవి ఒంటిమీద పడ్డప్పుడూ జోడీగానే పడతాయి. ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్టను స్వర్గం దాకా ఎత్తేశాడు గానీ, ఆయన్ను ఏ డాక్టరూ ఎక్స్‌రే తీయించుకోమనలేదు.

పెద్దాయన్ను మాత్రం అన్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రెండేళ్ల కిందట ఆసుపత్రికి వెళితే చుట్ట మానెయ్యమన్నారు. మానేశాడు. కల్లు కూడా పండక్కో, పెళ్లికో. ఈ సంగతి డబ్లిన్‌కు చెప్పలేదు. ఫోన్లో ఆరోగ్యం ఎట్లుంది అంటే ‘మంచిగనే’ అనేవాడు. సిగార్ చేతిలో పెట్టినప్పుడు కూడా కాదనలేదు. నాలుగేళ్ల స్వెటర్ల తర్వాత కొడుకు మొదటిసారి తనను గుర్తుపెట్టుకుని తెచ్చిన వస్తువు అది. మూడు దమ్ములు లాగాడు. నాలుగోదానికి దగ్గు వచ్చింది. వస్తూనే ఆగలేదు. తల్లి చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచి, ఆయన వేళ్ల మధ్యనుంచి సిగార్ తీసి కుండీ మట్టిలో గుచ్చింది. డాక్టరు చీటీ తెచ్చి పెద్దకొడుకు చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

‘‘బాపూ, చెప్పొద్దా?’’

‘‘చెప్తె నువ్వు మళ్ల స్వెటర్ తెస్తవు గదరా.’’

చిన్నకొడుకు అప్పటికే డ్యూటీకి తయారై బూట్లు వేసుకుంటున్నాడు. నైట్ షిఫ్టు. అతను గ్లాసు వైపు చూడను కూడా చూడలేదు. తాగి డంపర్ ఎక్కడం కుదరదు, ఎక్కనివ్వరు. లక్ష దాటిన కార్మికులతో కళకళలాడిన కంపెనీలో ఇప్పుడున్నది నలభై వేల దరిదాపు. ఓపెన్‌కాస్టుల్లో చీకటి లేదు, తట్టా చెమ్మస్ లేదు, చుట్టల డబ్బా లేదు. కానీ దుమ్ముంది, నిద్రలేని రాత్రుంది. అతని జోడీ ఏమిటని అన్న అడిగితే, ‘‘చాయ్, సమోస’’ అని బండి స్టార్ట్ చేశాడు. ఈసారి తల్లి చూసింది బండి వెనక లైటు మలుపు తిరిగేదాకా.

రెండో సీసా ఇప్పటికీ ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన ఉంది. చుట్టాలెవరైనా అడిగితే ‘కషాయం’ అని చెబుతోంది తల్లి. రంగు చూసి ఎవరూ అనుమానించలేదు.

రెండో సిగార్‌ను పెద్దాయన తన వెంట బాయిలో పనిచేసిన పాత దోస్తుకు ఇచ్చాడు. ఆయనకు ఏ డాక్టరూ ఇంకా ఏమీ చెప్పలేదు, వెళితే కదా చెప్పడానికి! ఆయన బంగారు పట్టీ ఊడదీసి మనవరాలి వేలికి ఉంగరంగా తొడిగాడు. సిగార్ విప్పి, ఆకు చిదిపి, మోదుగాకులో తన పద్ధతిలో మళ్లీ చుట్టుకుని, కల్లుతో కాల్చాడు. మర్నాడు వేపచెట్టు కింద నలుగురిలో తన మాట చెప్పాడు.

‘‘ఆకు మంచిదే. చుట్టుడే వాళ్లకు రాలె.’’